నాలుగో వాల్వు అనుబంధం

బొండపురం మునిసిపాలిటీలో గన్నెయ్యని మొదటిసారి చంపింది కమిషనరు ప్రభంజనరావుగారు. సోమవారం ఉదయం పదకొండు గంటల సమావేశంలో, అందరి సమక్షంలో చంపారు. అందుకు ఆయన ఒక బస్సు వాడారు.

అంతకు ముందు వారమే కమిషనరుగారు కొండమీది హోటల్లో మూడు రోజుల శిక్షణ పొంది వచ్చారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. కాగితం వస్తే సంతకం పెట్టేవారు, రాకపోతే కునుకు తీసేవారు. తిరిగొచ్చేసరికి చేతిలో నీలం ఫైలు, నోట్లో 'పత్రీకరణ' అనే మాట పట్టుకొచ్చారు. ఆ మాట పలికినప్పుడల్లా కళ్లు అరమూసుకునేవారు.

"మిత్రులారా! వ్యక్తి నశ్వరుడు, వ్యవస్థ శాశ్వతం. ఈ పట్టణపు నీటి సరఫరా యావత్తూ గన్నెయ్య అనే ఏకైక వ్యక్తి మస్తిష్కంలో నిక్షిప్తమై ఉన్నది. రేపు ఉదయం సదరు గన్నెయ్య బస్సు కింద పడినచో మన పరిస్థితి ఏమిటి?" అని ఆయన అడిగారు.

సదరు గన్నెయ్య తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇరవై రెండేళ్లుగా ఊళ్లోని పదకొండు వాల్వులూ తిప్పి, వీధివీధికీ వంతులవారీగా నీళ్లొదిలే వాల్వుమేను అతనే. బిత్తరపోయి చూశాడు.

"నానెందుకు పడతాను బాబూ? నాను సైకిలు మీదొస్తాను. ఆ టైముకి బస్సే ఉండదు."

"అది సైద్ధాంతికమైన బస్సు, గన్నెయ్యా" అన్నారు కమిషనరుగారు శాంతంగా.

"లారీ కూడా కావచ్చు సార్" అన్నాడు డి.ఇ. జోగినాథం. ఇంజనీరింగు విభాగం తరఫున ఏదో ఒకటి అనకపోతే బాగుండదని అతని అభిప్రాయం.

ఆ రోజు సమావేశపు తీర్మానాల పుస్తకంలో మూడో అంశం ఇలా ఉంది: 'గన్నెయ్య మరణానంతర ఏర్పాట్లు. చర్చించి ఆమోదించడమైనది.' ఆ సంగతి ఎవరో చెబితే విని గన్నెయ్య పెళ్లాం రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఏర్పాట్లు ఏమిటంటే, గన్నెయ్యకి తెలిసినదంతా ఒక పత్రంగా రాయించాలి. అది రాయడానికి సాంకేతిక రచయితను నియమించాలి. అర్హత, సాంకేతిక రచనలో స్నాతకోత్తర పట్టా. ఒక ఏడాది తాత్కాలికం. పత్రం ఆమోదం పొంది అమలైతే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి.

అలాంటి పట్టా ఒకటి ఉంటుందని బొండపురంలో తెలిసిన ఇల్లు ఒక్కటే. అది వింధ్యావళి వాళ్లిల్లు.

వింధ్యావళికి ఇరవై ఏడేళ్లు. నగరంలో రెండేళ్లు చదివి సాంకేతిక రచనలో ఎమ్మే పాసైంది. ఆ చదువేమిటో చుట్టాలకి చెప్పడం ఆ చదువు కంటే కష్టమైంది.

"ఎమ్మే అంటే తెలుగా, ఇంగ్లీషా?"

"సాంకేతిక రచన, పెద్దమ్మా."

"అంటే కతలు రాస్తావా?"

"కాదు. మిషను ఎలా వాడాలో రాస్తాను."

"కొనుక్కున్నోడికి తెలీదేటి?"

ఆ ప్రశ్నకి రెండేళ్ల సిలబస్సులో జవాబు లేదు. నగరంలో ఒక కంపెనీలో చేరిందిగానీ, పదకొండు నెలలు తిరక్కుండానే మిషను ఎలా వాడాలో రాసే పనికి ఆ కంపెనీ ఇంకో మిషనుని కొనుక్కుంది. ఇంటికొచ్చేసింది. అప్పట్నుంచీ తల్లి వర్ధనమ్మ వీధిలో ఎవరడిగినా "బ్యాంకు పరీక్షలకి చదువుతోంది" అని చెబుతూ వచ్చింది. లోపల కూచుని వింటున్న వింధ్యావళికి ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. తాను చదివింది దండగ చదువు కాదని, దానికీ లోకంలో ఒక కుర్చీ ఉందని ఒక్కసారి, ఒక్క కాగితం మీద రుజువైతే చాలనుకునేది. ఖాయం అనే మాట కోసం ఆమె ప్రాణం కొట్టుకులాడేది.

దరఖాస్తు ఒక్కటే వచ్చింది. అయినా మునిసిపాలిటీవారు అర్హుల జాబితా వేసి, మొదటి ర్యాంకు ఆమెకిచ్చి, జాబితాను నోటీసు బోర్డుకి అంటించారు.

*

మర్నాటి నుంచి ఉదయం ఆరింటికి వింధ్యావళి నోటుపుస్తకం పట్టుకుని గన్నెయ్య సైకిలు వెనక స్కూటీ మీద తిరగడం మొదలుపెట్టింది. గన్నెయ్య వాల్వు గుంట మూత తీసేవాడు, నిలువెత్తు ఇనప రాడ్డు లోపలికి దించేవాడు, తిప్పేవాడు, మూత వేసేవాడు.

"గన్నెయ్యగారూ, ఇది ఎంత తిప్పాలి?"

"గారెందుకు తల్లీ, సిగ్గేస్తాది. బాబాయ్ అను. సరిపడా తిప్పాలి."

"సరిపడా అంటే ఎంత బాబాయ్?"

"సాలినంత."

వింధ్యావళి 'సాలినంత' అని రాసుకుంది, కొట్టేసింది. గన్నెయ్య దాచుకుంటున్నాడేమోనని మొదట అనుమానపడింది. వారం తిరిగేసరికి అర్థమైంది, అతను దాచుకోవడం లేదు, అతనికి తెలిసింది మాటల్లో లేదు. మాటల్లో పెట్టడమే తన పని కదా అని ఆమెకి పట్టుదల వచ్చింది.

"సెవి పెట్టు తల్లీ" అన్నాడొకరోజు, రాడ్డు పైకొసని చూపించి. "ముందు నీళ్లు గొణుగుతాయి. ఇంకొంచెం తిప్పితే పలుకుతాయి. పలికినాయంటే ఆపీయాల. ఆపకుండా తిప్పీసినావనుకో, అరుస్తాయి. అరిసినాయంటే ఎక్కడో పైపు పోద్ది."

ఆమె చెవి ఆనించింది. ఇనుము చల్లగా తగిలింది. ఇంకేమీ వినిపించలేదు.

నాలుగో వాల్వు దగ్గర అతను మరీ జాగ్రత్తగా నిలబడ్డాడు. అది కంచరవీధి మొదట్లో, బడిగోడ పక్కన ఉంది. మూడువందల గడపకి నీళ్లు దాని గుండానే వెళ్లాలి.

"ఇది ఎదురు వాల్వు. అన్నీ ఎడం పక్కకి తిప్పితే తెరుసుకుంటాయి, ఇది కుడిపక్కకి. పాత కాంట్రాక్టరు ఎక్కడిదో తెచ్చి బిగించీసినాడు. దాని పద్దతి దానిది. మనమే దానికి అలవాటు పడిపోవాల."

నాలుగు నెలలకి వింధ్యావళి పత్రం పూర్తి చేసింది. మొత్తం తొమ్మిది పేజీలు. ఒక్కో వాల్వుకీ ఒక బొమ్మ. ఏ గుర్తు చూడాలి, ఎన్ని చుట్లు తిప్పాలి, ఎప్పుడు చెవి పెట్టాలి, ఏ చప్పుడుకి ఆపాలి. నాలుగో వాల్వు పేజీలో పెద్దక్షరాలతో 'ఇది కుడివైపుకి తెరుచుకుంటుంది' అని రాసి ఎర్రగీత గీసింది. చదివి వినిపిస్తే గన్నెయ్య పకపకా నవ్వాడు.

"ఇంతేనేటి నాను సేసీది? ఈ మాత్రానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది!"

తన జీవితంలో ఎవరైనా తన రాతని మెచ్చుకోవడం అదే మొదలు. ఆ రోజు వింధ్యావళి ఇంటికి పాటలు పాడుకుంటూ వెళ్లింది.

*

ఆమోద సంఘం సమావేశంలో కమిషనరుగారు ఆ తొమ్మిది పేజీలనూ రెండు వేళ్లతో పైకెత్తి, గాలికి ఊగుతుంటే చూశారు.

"ఇది పత్రమా, కరపత్రమా?"

"మొత్తం విషయం ఉంది సార్. గన్నెయ్య బాబాయ్‌కి చదివి వినిపించాను. అంతా అర్థమైందన్నాడు."

కమిషనరుగారి ముఖం వాడిపోయింది. "అమ్మా, మీరు ఎమ్మే చదివారు. గన్నెయ్య అయిదో తరగతి. ఎమ్మే చదివినవారు రాసినది అయిదో తరగతివాడికి అర్థమగుచున్నదంటే, ఇక ఆ ఎమ్మేకి విలువ ఏమిటి?"

ఈ వాదనకి గదిలో అందరూ తలలూపారు. తన పట్టా విలువ గురించి ఒక అధికారి ఇంత బాధపడటం వింధ్యావళికి కొత్త.

"మరియొక లోపము, సార్" అని జోగినాథం గొంతు సవరించుకున్నాడు. "పది వాల్వులు ఎడమ దిక్కునకు తిరుగుచుండగా నాలుగవది మాత్రము కుడి దిక్కునకు తిరుగునని వ్రాయబడినది. ఏకరూపత లోపించినది."

"కానీ సార్, అది అలాగే తిరుగుతుంది."

"అది వాల్వు చేసిన తప్పు. వాల్వు చేసిన తప్పుని మనం పత్రంలోకి ఎందుకు ఎక్కించాలి?" అన్నారు కమిషనరుగారు.

"పోనీ ఆ వాల్వుని మార్చేద్దాం సార్."

"వాల్వు మార్చాలంటే రోడ్డు తవ్వాలి. రోడ్డు మనది కాదు, వేరే శాఖది. పత్రం మనది" అన్నాడు జోగినాథం. అందులో తిరుగులేదు.

చెవి సంగతి కూడా వచ్చింది. చెవి అనే పరికరం స్టోర్సు జాబితాలో లేదు గనుక దాని ప్రస్తావన తొలగించారు.

వింధ్యావళి ఆ సాయంత్రమంతా కుమిలిపోయింది. కాదంటే ఉద్యోగం ఉండదు. మళ్లీ బ్యాంకు పరీక్షలు, మళ్లీ పెద్దమ్మ ప్రశ్నలు. రాసేద్దాం, పత్రం బీరువాలో ఉంటుంది, వాల్వు దగ్గర గన్నెయ్య ఉంటాడు, ఎవరికి నష్టం అని తనకి తానే సర్దిచెప్పుకుంది. ఇలా సర్దిచెప్పుకున్నవాళ్లతోనే ప్రపంచంలోని ఆఫీసులన్నీ నడుస్తున్నాయి.

మూడు నెలల్లో తొమ్మిది పేజీలూ రెండువందల పధ్నాలుగు పేజీలయ్యాయి. 'ఎడమవైపు తిప్పు' అన్న రెండు మాటలు అరవై ఒకటో పేజీలో, నాలుగో వాల్వు కింద, ఇలా తేలాయి: 'నిర్వాహకుడు సదరు ప్రవాహ నియంత్రణ సాధనమును అపసవ్య దిశయందు పరిభ్రమింపజేయుట ద్వారా సరఫరా ప్రారంభ స్థితిని సాధింపవలెను.' వెనక మూడు అనుబంధాలు చేర్చారు: వాల్వుల జాబితా, ఊరి పటం, అధికారుల ఫోను నంబర్లు. బంగారు అక్షరాల అట్ట వేశారు. కమిషనరుగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని ఫొటో దిగారు.

*

పత్రం బీరువాలో ఉండలేదు. అమలుకి వచ్చింది.

అమలు రోజున గన్నెయ్య చేతికి పుస్తకం ఇచ్చారు. అతను రెండు చేతులా అందుకున్నాడు. "బరువున్నాది" అన్నాడు.

"చదువు" అన్నారు కమిషనరుగారు.

గన్నెయ్య అరవై ఒకటో పేజీ మీద వేలుపెట్టి కూడబలుక్కున్నాడు. 'నిర్వాహకుడు' దాటాడు, 'సదరు' దాటాడు, 'ప్రవాహ' దగ్గర ఆగి నీళ్లు నమిలాడు. జోగినాథం అసహనంగా పుస్తకం లాక్కుని తానే రెండుసార్లు బిగ్గరగా చదివాడు.

"అర్థమైందా జోగినాథంగారూ?"

"పత్రం స్థాయి చాలా ఉన్నతంగా ఉన్నది సార్."

కమిషనరుగారు ఆలోచనలో పడ్డారు. అయిదో తరగతివాడికి అర్థం కాలేదు. ఇంజనీరుకీ అర్థమైనట్టు లేదు. రాసినామెకి మాత్రం అర్థమై ఉండాలి. అర్థం కాని పత్రం చేతబట్టుకుని వాల్వు తిప్పనిస్తే పట్టణం గతేమిటి? సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది:

'ఇకమీదట పత్రమును అర్థము చేసికొనగల అర్హత, అనగా సాంకేతిక రచనయందు స్నాతకోత్తర పట్టా, కలిగినవారు మాత్రమే వాల్వులను తాకవలెను. పత్రమునందు సవరణలు చేయు అధికారము సైతము అట్టివారికి మాత్రమే కలదు. సదరు అర్హత లేనందున గన్నెయ్యను కార్యాలయ విధులకు మార్చడమైనది.'

కార్యాలయ విధులంటే మంచినీళ్ల డబ్బాలోంచి గ్లాసులు నింపి బల్లలమీద పెట్టడం. ఊరికి నీళ్లిచ్చిన చేయి ఇప్పుడు ఆరు గ్లాసులకి నీళ్లిస్తోంది. వింధ్యావళి ఎదురైతే గన్నెయ్య "నీ తప్పేటి లేదు తల్లీ" అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

అర్హత కలవారు ఊళ్లో ఒక్కరే. ఇంట్లో వర్ధనమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఎమ్మే చదివి రోడ్డు మీద గుంటలో దిగుతావేటే?"

"దిగడానికే ఎమ్మే ఉండాలటమ్మా."

మొదటిరోజు ఆమె రాడ్డు పట్టుకుని నాలుగో వాల్వు దగ్గర నిలబడింది. పక్కన జోగినాథం పుస్తకం తెరిచి నిలబడ్డాడు, పత్రం ప్రకారం జరుగుతోందో లేదో ధ్రువపరచడానికి. ఆమె అపసవ్య దిశయందు పరిభ్రమింపజేసింది. వాల్వు గట్టిగా, పూర్తిగా మూసుకుంది. జోగినాథం రిజిస్టరులో 'తెరువబడినది' అని రాసుకున్నాడు.

కంచరవీధిలో మూడువందల గడపల ముందు బిందెలు నోళ్లు తెరుచుకుని కూచున్నాయి. మూడు రోజులు చూసి, నాలుగోరోజు పైడమ్మ అనే ఆవిడ ఇరవైమంది ఆడవాళ్లని వెంటేసుకుని ఆఫీసు మీదికొచ్చింది.

"నీల్లు సుక్క నేదు బాబూ. పిల్లలు బడికి మొకం కడుక్కోకుండా ఎల్తన్నారు!"

కమిషనరుగారు రిజిస్టరు తెప్పించి చూశారు. "మీకు మూడు రోజులుగా నీళ్లు వస్తున్నవి కదమ్మా. ఇక్కడ స్పష్టంగా ఉన్నది."

"ఈ పుస్తకంలో వొచ్చినాయేటో గానీ మా బిందెలోకి రానేదు!"

మర్నాడు కంచరవీధికి జవాబు వెళ్లింది: 'పత్రము ప్రకారము నీరు సరఫరా అయినందున మీ ఫిర్యాదు పరిశీలనార్హము కాదు.'

ఆ జవాబు తయారుచేసే పని కూడా సాంకేతిక రచయితకే పడింది. వింధ్యావళి సంతకం పెట్టింది. మర్నాడు జోగినాథం టీ తాగడానికి వెళ్లిన పది నిమిషాల్లో ధైర్యం చేసి రాడ్డుని కుడివైపుకి తిప్పింది. తన తొమ్మిది పేజీల ప్రకారం రెండున్నర చుట్లు. చెవి పెట్టింది. ఏది గొణుగుడో, ఏది పలుకో తెలియలేదు. తెలిసేలోగా లోపల ఏదో అరిచింది. బడిగోడ పక్కన పైపు అతుకు విడిపోయి బురదనీళ్లు ఎగజిమ్మాయి. గబగబా మూసేసింది. తాను రాసిన మంచి పత్రం కూడా తనకి చేతకాదని ఆ రోజు తెలిసింది. గుంట పక్కనే కూచుని ఏడ్చింది.

*

ఇంతలో రాష్ట్ర పత్రీకరణ ప్రోత్సాహక మండలి నుంచి కబురొచ్చింది. బొండపురం పత్రం బహుమతికి ఎంపికైంది, మండలి అధ్యక్షులవారు స్వయంగా వచ్చి అమలు తీరు చూస్తారు. ప్రదర్శన నాలుగో వాల్వు దగ్గరే. ఎందుకంటే అక్కడే షామియానా వేయడానికి స్థలం ఉంది.

కమిషనరుగారు వింధ్యావళిని గదిలోకి పిలిచి జేబులోంచి ఒక కాగితం తీసి చూపించారు. ఉద్యోగం ఖాయం చేసిన ఉత్తర్వు. ముద్ర కూడా పడింది.

"వేదికమీద పూలదండతోపాటు ఇస్తాను. మీరు చేయవలసినదల్లా పత్రం ప్రకారం తిప్పడమే."

"అలా తిప్పితే నీళ్లు రావు సార్."

"వస్తాయి" అన్నాడు జోగినాథం. విడిపోయిన పైపు అతుకు బిగింపించి, బడిగోడ వెనక ట్యాంకరు పెట్టించాడు. దాని గొట్టం తెచ్చి వీధికుళాయికి తగిలించాడు. చప్పట్లు వినపడగానే ట్యాంకరు డ్రైవరు తిప్పుతాడు. అంతా పకడ్బందీగా ఉంది.

సోమవారం ఉదయం పది గంటలకి అధ్యక్షులవారు కారు దిగారు. గన్నెయ్య కుర్చీలు మోస్తున్నాడు. కంచరవీధి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో తాడు అవతల నిలబడ్డారు. అల్లరి చేస్తే ఊరుకోబోమని వాళ్లకి ముందే చెప్పారు.

వింధ్యావళి రాడ్డు దించింది. కమిషనరుగారి జేబులో కాగితం అంచు తెల్లగా కనిపిస్తోంది. ఎడమవైపుకి ఒక్క తిప్పు చాలు. ఎవరో కుర్చీ అడిగితే గన్నెయ్య పరుగెత్తాడు. మోకాలు పట్టేసి, మధ్యలో ఆగి, మళ్లీ పరుగెత్తాడు. అది చూసింది. రాడ్డు వదిలేసింది.

"రావు సార్" అంది.

"ఏవి రావు?" అన్నారు అధ్యక్షులవారు.

"నీళ్లు. ఈ పేజీలో తప్పుంది. రాసింది నేనే. తప్పని తెలిసే రాశాను."

కలం తీసి బంగారు అక్షరాల పుస్తకంలో అరవై ఒకటో పేజీని నిలువునా కొట్టేసింది. కింద తన చేతిరాతతో 'నాలుగో వాల్వు దగ్గర గన్నెయ్యని పిలవాలి' అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసింది.

కమిషనరుగారు కెవ్వుమనబోయి ఆగారు. సవరణాధికారం అర్హత కలవారికి మాత్రమేనని ఉత్తర్వు ఇచ్చింది తానే. అధ్యక్షులవారు కళ్లజోడు సర్దుకుని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు.

"బాగున్నది. అయితే పత్రంలో ప్రస్తావించిన ప్రతి అంశమూ పత్రానికి జతపరచబడి ఉండవలెను. గన్నెయ్య జతపరచబడినదా?"

"జతపరిచాము సార్!" అన్నారు కమిషనరుగారు, చెమట తుడుచుకుంటూ. "అదిగో, కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నది. అనుబంధం నాలుగు!"

అనుబంధం నాలుగు కుర్చీ దించింది. రాడ్డు అందుకుని, కుడివైపుకి తిప్పి, చెవి ఆనించి, ఇంకాస్త తిప్పి, ఆపింది. వారం పదిరోజులుగా ఎండిపోయిన కంచరవీధి కుళాయిల్లో నీళ్లు బుసబుసమన్నాయి. ఆడవాళ్లు తాడు తెంచుకుని పరుగెత్తారు. చప్పట్లు మోగాయి. చప్పట్లు వినగానే ట్యాంకరు డ్రైవరు తన విధి తాను నిర్వర్తించాడు. గొట్టం ఊడి అధ్యక్షులవారి పంట్లాము మోకాళ్లదాకా తడిసింది. నీటి సరఫరా ఇంత సమృద్ధిగా తానెక్కడా చూడలేదని ఆయన నివేదికలో రాశారు. సజీవ అనుబంధం గల పత్రం దేశంలో ఇదే మొదటిదన్నారు. కమిషనరుగారికి శాలువా కప్పారు.

జేబులోని ఉత్తర్వు జేబులోనే ఉండిపోయింది. తప్పు రాశానని నలుగురిలో ఒప్పుకున్నవారిని ఖాయం చేసే నిబంధన లేదట.

*

అనుబంధం అయ్యాక గన్నెయ్య పరిస్థితి మారిపోయింది. మొదట భుజమ్మీద, చొక్కా పైనుంచి, ఒక ముద్ర వేశారు. తర్వాత రికార్డు గదికి మార్చారు. అనుబంధాలు ఉండవలసిన చోటు అదే కదా. రెండు బీరువాల మధ్య స్టూలు వేశారు. రోజూ ఉదయం నాలుగో వాల్వు తిప్పవలసి వస్తే, కోరిక పత్రం పెట్టి, రిజిస్టరులో సంతకం చేసి, గన్నెయ్యని బయటికి తీసుకెళ్లి, తిప్పించి, మళ్లీ అప్పగించాలి. ఎండ తగలకూడదు, చెమ్మ తగలకూడదు. చెదలు పట్టకుండా మూడు నెలలకోసారి మందు కొడతామంటే గన్నెయ్య చేతులు జోడించి వద్దన్నాడు.

ఫాల్గుణంలో అతనికి అరవై నిండాయి. రిటైరవుతానని అర్జీ పెట్టుకున్నాడు. జవాబు వచ్చింది: 'అనుబంధములు శాశ్వతముగా భద్రపరచవలసిన తరగతికి చెందును. వాటికి పదవీ విరమణ వర్తించదు.'

"నా మోకాళ్లు అరిగిపోనాయి తల్లీ. మంచమ్మీద కూకుని రెండు ముద్దలు తిందారనున్నాది. నన్నింటికి ఒగ్గీమని రాయవా? నువ్వు రాస్తే అవుతాది గదా."

ఈయన్ని కాపాడానని వింధ్యావళి గర్వపడింది, తీరా చూస్తే బీరువాల మధ్య పెట్టించింది. తన ఏడాది గడువూ నెలాఖరుకి ముగుస్తోంది. ఆయన వెళ్లడానికి లేదు, తాను ఉండటానికి లేదు.

రికార్డు గది నిబంధనల పుస్తకం మూడు రోజులు చదివింది. పని నిమిత్తం ఒక పుస్తకం చివరిదాకా చదివినవారు ఆ ఆఫీసులో ఆమే మొదలు. నాలుగోరోజు ఒక నోటు పెట్టింది:

'అనుబంధము నాలుగు యొక్క మోకాళ్ల భాగము శిథిలమైనది. శిథిలమైన అసలుకు నకలు తీసి, అసలుతో సరిచూసి, ధ్రువపరచిన పిమ్మట అసలును విడుదల చేయవచ్చును. నకలు తీయుటకు అర్హత గలవారు ఒక్కరే ఉన్నందున, ఆ పని పూర్తియగు వరకు వారి గడువు పొడిగింపవలెను. నకలు సైతము శాశ్వత తరగతికి చెందును.'

కమిషనరుగారు అది చదివి కళ్లు అరమూసుకున్నారు. "ఇదీ పత్రీకరణ అంటే!" అన్నారు. వెంటనే మంజూరు చేశారు.

నకలు తీయడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ఆమె ఒక్క ముక్క రాయలేదు. రోజూ పొద్దున్నే గన్నెయ్య పక్కన నిలబడి రాడ్డు పట్టుకుంది. అతను చేయి ఎక్కడ వేస్తే అక్కడ వేసింది. అరిచేతులు బొబ్బలెక్కి, మానాయి, మళ్లీ ఎక్కాయి. అయిదో నెలలో ఒకరోజు రాడ్డులోంచి సన్నగా గొణుగుడు వినిపించింది. ఆ గొణుగుడు ఎప్పుడు పలుకైందో పట్టుకోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

ధ్రువీకరణ రోజున కమిషనరుగారు వాల్వునీ చూడలేదు, నకలునీ చూడలేదు. పచ్చసిరాతో 'అసలు ప్రతికి నిజమైన నకలు' అని రాసి సంతకం గీసేశారు. దాంతోపాటే వింధ్యావళి ఉద్యోగం ఖాయమైంది. హోదా: అనుబంధం నాలుగు, నకలు. 'అసలుతో సరిచూసినవారు' అన్న గడిలో గన్నెయ్య సంతకం ఒక్కటే తక్కువ.

"ఇక్కడ పెట్టు, ఇంటికెళ్లిపోదువు గాని" అన్నాడు జోగినాథం, కలం అందిస్తూ.

గన్నెయ్య కలం తీసుకోలేదు. "సూడకుండా ఎలగెట్టీస్తాను బాబూ? మూడొందల గడప."

రిజిస్టరు చంకన పెట్టుకుని కంచరవీధికి నడిచాడు. వింధ్యావళిని వాల్వు గుంట దగ్గర వదిలేసి, తాను వెనక్కి తిరక్కుండా కుంటుకుంటూ వీధి మధ్యకి వెళ్లి పైడమ్మ అరుగుమీద కూచున్నాడు. కళ్లు మూసుకున్నాడు. వింధ్యావళి మూత తీసింది. రాడ్డు దించింది. కుడివైపుకి తిప్పింది. చెవి పెట్టింది. ఇంకొంచెం తిప్పింది. ఆపింది.

పైడమ్మ బిందెలో నీళ్లు పడ్డాయి. మట్టి లేదు, ఉరుకు లేదు. బిందె నిండింది, రెండోది పెట్టారు, అదీ నిండింది. గన్నెయ్య కళ్లు తుడుచుకుంటూ లేచి వచ్చాడు.

"నాను తిప్పీసి వొచ్చి అరుగు మీద కూకున్నాననుకున్నాను తల్లీ" అన్నాడు.

గుంట మూతమీద రిజిస్టరు పెట్టుకుని, వంగలేక వంగి, ఒక్కో అక్షరమూ కూడబలుక్కుంటూ తన పేరు రాశాడు. నగరంలో ఇచ్చిన పట్టా మీద ఎవరి సంతకం ఉందో వింధ్యావళికి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఈ సంతకంలో వంకర తిరిగిన 'న్నె'ని మాత్రం ఆమె తడి ఆరేదాకా చూస్తూ నిలబడింది. పైడమ్మ మూడో బిందె కోసం కేకేస్తోంది.